తోటికోడలి పొర చిరగదు

పొర వయసు: 231వ రోజు

ఇది నా సొంత పుస్తకం. పొరలు పెంచి ఇచ్చే కొట్టుకి చూపించే పుస్తకం వేరే ఉంది. అందులో రోజుకి మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది: కడిగాను, నానబెట్టాను, చిరగలేదు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాసినా కొట్టు గవరయ్యగారు పిలిచి, "అమ్మా ఇందుమతీ, ఇది పొరల లెక్క, మీ ఇంటి గోల కాదు" అంటారు. నాకున్నదంతా ఇంటి గోలే. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఉదయం మామూలే. చేతులు కడుక్కున్నాను. నూలు రాలని గుడ్డతో తుడుచుకున్నాను. ఎడమకంట్లో రెండు చుక్కలు వేసుకుని, పైకి చూస్తూ, ఎడమచేతి మధ్యవేలి మీద నిలబెట్టిన పొరని కంటిమీద ఆనించాను. కుడిచేతిని ఈ పనికి దగ్గరికి రానివ్వను. పై నడవలో కాపలా కాసే వాళ్ళందరిలాగే నా కుడి బొటనవేలికి కూడా పట్టీ గోరు ఉంది. కప్పు పలకల్లో ఎక్కడైనా కంత కనబడితే అతుకు పట్టీ వెనక కాగితాన్ని క్షణంలో ఊడదీయాలి. దానికి ఆ గోరు ఉండి తీరాలి. పొరకి దానంత శత్రువు మరొకటి లేదు.

ఎనిమిది గంటలు పడమటి వాలు కింద నడిచాను. రెండు కంతలు కనిపించాయి. పొర లేని కంటికి అక్కడ ఏమీ ఉండదు. పొర ఉంటే, లోపలి గాలి బయటికి జారిపోవడం ఊదారంగు పొగలా కనిపిస్తుంది, అగరొత్తి చివర లేచే పొగంత సన్నగా. రెండింటికీ పట్టీలు వేశాను. నెత్తిమీద జానెడు దూరంలో గాలిలేని నల్లటి ఆకాశం, కాళ్ళ కింద అయిదువేల మంది వంటలు, పోట్లాటలు, నిద్రలు. ఈ పనంటే నాకు ప్రాణం.

ఇది నా మూడో పొర. మొదటిది తొంభయ్యో రోజున డబ్బీ మూతలో పడి నలిగి చిరిగింది. పొర గుంట మధ్యలో మునిగిందో లేదో చూసుకోకుండా మూత బిగించాను. రెండోది నూట నలభయ్యో రోజున. వరసగా రెండు కాపలాలు కాసి వచ్చి, కన్ను ఎండిపోయి ఉంటే, చుక్కలు వేసుకునే ఓపిక లేక గిల్లి లాగాను. సగం వేళ్ళకి వచ్చింది, సగం కంట్లో ఉండిపోయింది. ఒక్కొక్కరి కంటి కొలతకి ఒక్కొక్క పొరని కొట్టులో పదకొండు నెలలు పెంచుతారు. అందుకే మూడోది కూడా చిరిగితే ఇక నాలుగోది ఇవ్వరు. మళ్ళీ జన్మలో పై నడవ ఎక్కనివ్వరు. కింద నాచుతొట్లు కలియబెట్టుకోవడమే.

మా తోటికోడలు కాత్యాయనక్క పొరకి ఈరోజు వెయ్యిన్నూట ఎనభై నాలుగో రోజు. ఒక్కటే పొర. అది రాయకుండా నేను పుస్తకం మూయలేను.

పొర వయసు: 237వ రోజు

భోజనాల హాల్లో గోడబోర్డు మీద అక్క పేరు అన్నిటికన్నా పైన ఉంటుంది. ఈరోజు పక్కన 1,190 వేశారు. మా అత్తగారు గరిటె పట్టుకుని అక్కడే నిలబడి అందరికీ వినిపించేలా మొదలుపెట్టింది.

"చూశారా మా పెద్దకోడల్ని! వెయ్యిన్నూట తొంభై! చిన్నదాని చేతిలో పెడితే ఇనప గిన్నె కూడా చిరుగుద్ది."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్క పెద్దగా నవ్వలేదు, పెదవి చివర కొంచెం, అంతే. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. ఆవిడెవరో నాకు బాగా దగ్గరి చుట్టం అయి ఉంటుంది.

దానిమీద ఇంకొకటి. నా పొరకి 301వ రోజున మా అమ్మాయి మేదినికి పదహారు నిండుతాయి. ఆరోజు దానికి పొర పెట్టే పండుగ. మొదటి పొరని ఇంటి చెయ్యే పెట్టాలి. పెట్టే మనిషి పొర మూడువందల రోజులు చిరగకుండా ఉండాలి. పెట్టిన చేతి హస్తవాసే పిల్లకి జన్మంతా వస్తుందంటారు. ఆ రోజుకి నాకు సరిగ్గా మూడువందలు నిండుతాయి. ఏడు నెలలుగా నేను వేళ్ళు దగ్గర పెట్టుకుని బతుకుతున్నది దానికోసమే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నేను బయటపడకుండానే అది నన్ను అడుగుతుందని.

మేదిని పళ్ళెం ముందు కూర్చుని, "నాకు పెద్దమ్మ పెట్టాలి" అంది.

"ఆరోజుకి నాకూ మూడువందలు నిండుతాయే" అన్నాను, చాలా మామూలుగా.

"నిండితే మంచిదేగా అమ్మా. కానీ నీకు రెండు చిరిగాయి. పెద్దమ్మకి ఒక్కటి కూడా చిరగలేదు. నా పొర తొంభై రోజులకే చిరిగితే నా గతేంటి?"

అందులో తప్పేముంది? ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అక్క దాని తల నిమిరింది. నేను పళ్ళెం ఎత్తుకుని లేచాను.

పొర వయసు: 244వ రోజు

ఆ రహస్యమేదో తెలుసుకుందామని అక్క గదికి వెళ్ళాను. పొర ఉప్పునీళ్ళు అరువు అడగడానికి వచ్చానని చెప్పాను.

అక్క డబ్బీ తెరిచి చూపించింది. పొర గుంట మధ్యలో తేటగా, కొట్టులో పెంచే గిన్నెలోంచి నిన్ననే తీసినట్టుంది. నాది అప్పుడే అంచుల్లో కొంచెం మసకబారింది. రోజూ పాత నీళ్ళు పూర్తిగా పారబోసి కొత్తవి పోస్తుందట. మిగిలిన నీళ్ళ మీదే కొంచెం కలిపి సరిపెట్టదట. నేనూ అంతేనక్కా అన్నాను. వారానికోసారి నేను అలా సరిపెడతాను, అది వేరే సంగతి.

"శ్రద్ధ ఉండాలి ఇందూ" అంది. "పొర మన బిడ్డలాంటిది."

నా కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉన్నాయి. పది వేళ్ళకీ గోళ్ళు పొడుగ్గా, నున్నగా, బీట్‌రూట్ రసంతో ఎర్రగా ఉన్నాయి. మా కాపలావాళ్ళలో అలాంటి చేతులు ఇంకెవరికీ లేవు. నేను పట్టీ గోరు ఒక్కటి ఉంచుకుని, మిగతా తొమ్మిదింటినీ వేలి మాంసం కనిపించేదాకా కత్తిరించుకుంటాను, అంచులు గరుకురాయి మీద రుద్దుకుంటాను. ఆవిడ మహారాణిలా పది గోళ్ళు పెంచుకుని కూడా ఒక్క గాటు పడనివ్వదు. దేవుడు కొందరికి ఎడమచేత్తో కూడా ఇస్తాడు, నాబోటి వాళ్ళకి లెక్కపెట్టి ఇస్తాడు.

గదికి వచ్చి నా గోళ్ళు చూసుకుంటే ఏడుపొచ్చింది.

పొర వయసు: 251వ రోజు

కడిగాను. నానబెట్టాను. చిరగలేదు. అక్కది 1,204. కడుపుమంట.

పొర వయసు: 262వ రోజు

రాయడానికి మనసొప్పడం లేదు. అయినా రాయాలి.

అక్క కాపలా ముగించాక పొర ఎలా తీస్తుందో చాటుగా చూద్దామని, నా పని మధ్యలో అరగంట సెలవు చెప్పి తూర్పు వాలుకి వెళ్ళాను. దొంగబుద్ధే, ఒప్పుకుంటాను. నడవ మలుపు తిరిగేసరికి అక్క కనిపించింది. మోకాళ్ళ మీద ఉంది. తల వెనక్కి వాల్చి ఒక పలక కీలుకేసి చూస్తోంది. ఆ కీలులోంచి ఊదారంగు పొగ జారుతోంది. నువ్వుగింజంత కంత, కానీ పొగ ఆగకుండా వస్తోంది. ఆ కిందే పసిపిల్లల గది.

పట్టీ తీస్తుందని చూశాను. తియ్యలేదు. ఆ పొగలోకే సూటిగా చూసింది. వేలు నోట్లో పెట్టి తడి చేసుకుని, కీలు వెంట మెల్లగా రాసుకుంటూ వచ్చి, కంతకి బెత్తెడు దూరంలో ఆపి, పక్క పలకకి జరిగింది.

నేను పరుగెత్తి వెళ్ళి పట్టీ వేశాను. వేసి వెనక్కి తిరిగి ఆవిడ ఎడమకన్ను చూశాను. అంత దగ్గరగా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కంట్లో పొర అంచు గీత లేదు.

"అక్కా, నీ పొరేది?"

"డబ్బీలో ఉంది" అంది.

"ఈరోజు మర్చిపోయావా?"

అక్క నడవ కమ్మీ పట్టుకుని కూర్చుంది. కూర్చున్నాక చెప్పింది. పొర పెట్టుకోవడం మానేసి రెండున్నరేళ్ళయిందట.

నాకు అప్పుడు అర్థమయ్యాయి ఆ పది గోళ్ళు.

పొర వయసు: 263వ రోజు

నిన్న అక్క చెప్పినదంతా చెప్పినట్టే రాస్తున్నాను.

"మూడువందలు నిండిన రోజు బోర్డు మీద నా పేరు రాశారు చూడు. అత్తయ్య నాకు దండ వేసింది. ఆవిడ జన్మలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. మర్నాడు పొర పెట్టుకోబోతే వేలు వణికింది. చిరిగితే ఎలాగా అని. పన్నెండు రోజులు అలాగే వణుకుతూ పెట్టుకున్నా. పదమూడో రోజున, ఇవ్వాళ్టికి వద్దులే, రేపు పెట్టుకుందాం అనుకున్నా. ఆ రేపు రాలేదే ఇందూ."

"మరి కాపలా ఎలా కాశావక్కా ఇన్నాళ్ళూ?"

"తడివేలితో. గాలి కదిలేచోట చల్లగా తగుల్తుంది. చెవి కూడా ఆనిస్తా. నువ్వు నడుచుకుంటూ చూసేస్తావు. నేను ప్రతి కీలూ మోకాళ్ళ మీద పాకుతా. పెద్ద కంత ఒక్కటి కూడా వదల్లేదు, ఒట్టు."

"చిన్నవో?"

అక్క మోకాళ్ళ చిప్పలు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. ఆవిడ నాకంటే మూడింతలు కష్టపడుతోంది. కష్టపడి, కంటికెదురుగా ఉన్న కంతని కూడా వదిలేస్తోంది. పసిపిల్లల గది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు చల్లబడుతోంది.

ఇంకొకటి కూడా ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ భయం కిందనే, పళ్ళ బిగువున దాచుకోవలసినంత సంతోషం వచ్చింది నాకు. వెయ్యిన్ని చిల్లర రోజులు నన్ను కాల్చుకుతిన్న పొర కంట్లో ఉన్నది మూడువందల పన్నెండు రోజులేనట! పెట్టుకోకపోతే నాది కూడా చిరిగేది కాదు. మూడూ పదిలంగా ఉండేవి, పెట్టెలో పట్టుచీరల్లాగా.

పొర వయసు: 265వ రోజు

చెప్పేస్తే సరి. గవరయ్యగారితో ఒక్క మాట. బోర్డు మీద పేరు చెరిపేస్తారు, మేదినికి పొర నా చేత్తో పెడతాను.

కానీ అది అంత తేలిక కాదు. దొంగ కాపలా కాసిన మనిషి ఇంట్లో పదేళ్ళదాకా పిల్లలకి పొర ఇవ్వరు. అది ఇక్కడి కట్టుబాటు. అక్కదీ నాదీ ఒకే ఇల్లు. నేను నోరు తెరిస్తే మేదినికి పొరే ఉండదు. మింగలేక కక్కలేక ఉన్నాను.

మేదినినైనా మళ్ళిద్దామని చూశాను. జడ వేస్తూ, "పెద్దమ్మ గోళ్ళు చూశావా, అంత పొడుగున్నాయి, కంటికి తగుల్తాయేమోనే" అన్నాను.

అది అద్దంలోంచి నన్ను చూసింది. "అమ్మా, నీకు పెద్దమ్మంటే కుళ్ళు."

"కుళ్ళేంటి, నేను నీ కన్ను గురించి చెప్తున్నా."

"కుళ్ళే. బోర్డు దగ్గర నీ మొహం రోజూ చూస్తున్నాగా."

జడ బిగుతుగా వేశానేమో, "అబ్బా" అంది. దాని మాటే నిజం. నాది కుళ్ళే. కుళ్ళుబోతు చెప్పే నిజాన్ని ఎవరు నమ్ముతారు?

పొర వయసు: 270వ రోజు

ఈ ఐదారు రోజులూ నా కాపలా అయ్యాక తూర్పు వాలు కూడా నేనే తిరుగుతున్నాను. నాలుగు చిన్న కంతలు దొరికాయి. పన్నెండు గంటలు పొర కంట్లో ఉండడంతో సాయంత్రానికి గరగరలాడుతోంది. గంటకోసారి చుక్కలు వేసుకుంటున్నాను.

ఇలా ఎన్నాళ్ళు? ఈరోజు తెగించి కొట్టు గుమ్మందాకా వెళ్ళాను. గవరయ్యగారు కొత్త గిన్నెలు సర్దుతున్నారు. వాటిలో ఒకదాని మీద చీటీ: మేదిని, ఎడమకన్ను. నీళ్ళలో పొర వెలుతురు పడినప్పుడు మాత్రమే కనిపిస్తోంది.

"అదృష్టవంతురాలమ్మా మీ పిల్ల" అన్నారాయన. "కాత్యాయనమ్మ చెయ్యి పడుతోంది."

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అక్క మీద జాలితో ఆగలేదు. ఆ గిన్నెని చూసి ఆగాను. "ఉప్పునీళ్ళు కావాలండీ" అని ఒక సీసా తీసుకుని వచ్చేశాను.

దారిలోనే అక్క గదికి వెళ్ళి తలుపేశాను.

"అక్కా, రెండే దార్లు. మేదిని పండుగలోపు నువ్వు పొర పెట్టడం మళ్ళీ నేర్చుకుని, నీది నువ్వు పెట్టుకుని కాపలా కాయాలి. లేదంటే నేను అరిచి చెప్తాను, ఇల్లు ఏమైపోయినా సరే."

"నావల్ల కాదే."

"రెండున్నరేళ్ళుగా కంటికి వేలు ఆనించని మనిషివి, పదిమంది చూస్తుండగా నా పిల్ల కంట్లో వేలు పెడతావా? మరి అదెలా అవుతుందనుకున్నావు?"

అక్క ఏడ్చింది. ఏడుస్తుంటే కూడా అందంగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

పొర వయసు: 275వ రోజు

అక్క తన కంటి దగ్గరికి వేలు తీసుకెళ్తే రెప్ప మూసేస్తోంది. అయిదు రోజులు అదే తంతు. డబ్బీ తెరవడం, పొరని చూడడం, మూసెయ్యడం. తన పొర మీద చెయ్యి వెయ్యలేకపోతోంది.

"ఇంకొకరి కంట్లో అయితే పెట్టగలవా?" అన్నాను.

మేదినికి ఇంకొకరి కంట్లోనే కదా పెట్టేది. కానీ ఎవరి కొలత పొర వాళ్ళ కంట్లోనే కూర్చుంటుంది. అంటే నేర్చుకోవడానికి ఉన్న కన్ను నాది, పొర నాది. మూడోది, ఆఖరుది.

ఆలోచించుకుంటాను.

పొర వయసు: 277వ రోజు

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను చాలాసేపు. కానీ దురద నాకే ఉంది. ఎర్రగోళ్ళతో వణుకుతున్న ఆ వేలు మేదిని కంట్లోకి వెళ్ళడం కళ్ళముందు కనిపిస్తోంది. నా కన్ను పోయినా ఫరవాలేదు. రేపటినుంచి మొదలుపెడతాం.

పొర వయసు: 283వ రోజు

నేర్పుతున్నాను. ఎంత హాయిగా ఉందో! కాత్యాయనక్క నా ముందు కూర్చుని, "ఇలాగేనా ఇందూ?" అని అడుగుతుంటే, రోజంతా అలాగే అడిగించుకోవాలనిపిస్తోంది.

"ముందు చెయ్యి పూర్తిగా ఆరనీ. తడివేలికి పొర అతుక్కుపోతుంది, కంటిమీదికి దిగదు. గిన్నెలా నిలబడిందా, పళ్ళెంలా పరుచుకుందా చూడు. పరుచుకుంటే తిరగబడినట్టు. చుక్కలు వెయ్యి. నన్ను పైకి చూడమను. కింది రెప్ప దించు. ఇప్పుడు ఆనించు, నొక్కకు."

మొదటి నాలుగు రోజులు నా బుగ్గ మీద పెట్టింది, రెప్ప మీద పెట్టింది. ఐదో రోజున కంట్లో కూర్చుంది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"గోళ్ళు కత్తిరించక్కా" అని రోజూ చెబుతున్నాను.

"ఉన్నట్టుండి కత్తిరిస్తే అత్తయ్య అడుగుతుంది. పండుగ ముందురోజు తీసేస్తాలే. వేలి మెత్తతోనే పట్టుకుంటున్నాగా."

ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. ఎందుకో రాస్తాను. ఆ గోళ్ళతో ఆవిడ తడబడుతుంటే చూడడం నాకు ఇష్టంగా ఉంది.

పొర వయసు: 290వ రోజు

పెట్టడం బాగా వచ్చింది. నాకంటే మెత్తగా పెడుతోంది. ఈమాట రాస్తుంటే కలం ఆగుతోంది, అయినా నిజం. రెండు వారాల్లోపే వచ్చేసింది! నాకు రెండు పొరలు పట్టింది.

రేపటినుంచి తియ్యడం నేర్పాలి.

పొర వయసు: 296వ రోజు

చిరిగింది.

తియ్యడం ఆరో రోజు. చుక్కలు వేసింది. పొరని నల్లగుడ్డు మీదనుంచి తెల్లగుడ్డు మీదికి జరిపింది. అంతా సరిగ్గానే చేసింది. మెల్లగా మెత్తలతో పట్టుకోవాల్సినచోట ఎర్రగోరు అంచు తగిలింది. నాకు నొప్పి లేదు. చప్పుడు కూడా లేదు. అక్క వేళ్ళ మధ్య పొర రెండుగా వేలాడుతోంది.

మూడువందలకి నాలుగు రోజులు తక్కువ.

అక్క మొహం పాలిపోయింది. "నేను చెప్తానే. గవరయ్యగారి దగ్గరికి వెళ్ళి నేనే చింపానని చెప్తా. అంతా చెప్పేస్తా."

"చెప్పి? మేదిని గిన్నెలో పొరని పారబోయిస్తావా? నోరు మూసుకో."

"మరి నీ పై నడవ?"

మాట్లాడితే బూతులొస్తాయి. ఆవిడ నడుముకి వేలాడే చిన్న కత్తెర తీసి చేతిలో పెట్టాను. అక్క ఒక్కొక్కటిగా పది గోళ్ళూ కత్తిరించింది. ఎర్రటి ముక్కలు నేలమీద పడుతుంటే కాళ్ళ దగ్గర కూర్చుని చూశాను. ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్నది అదే. చూస్తే ఏమీ సంతోషం కలగలేదు.

కొట్టు పుస్తకంలో రాశాను: చిరిగింది. కారణం: గోరు. ఎవరి గోరో రాయడానికి అందులో గడి లేదు.

గవరయ్యగారు చిరిగిన పొరని చీటీకి అంటించి, నా పట్టీల సంచీ వెనక్కి తీసుకుని, "ఇంకొక్క నాలుగు రోజులు జాగ్రత్తగా ఉండాల్సిందమ్మా" అన్నారు. సాయంత్రానికి అత్తగారికి తెలిసిపోయింది. ఆవిడ ఏమందో రాయను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏంటో ఈరోజు తెలిసింది.

పొర లేని 5వ రోజు

ఈరోజు మేదిని పండుగ.

నా కంట్లో నేర్చుకున్నాక అక్కకి తన కంటి జంకు కూడా వదిలింది, నాలుగు రోజులుగా తన పొర తనే పెట్టుకుని కాపలా కాస్తోంది. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి కన్ను చూపించి పోతోంది. అంచు గీత ఉందని నేను తలాడించాక కదులుతుంది.

హాలంతా జనం. మేదిని కొత్త బట్టలు కట్టుకుని బల్ల మీద కూర్చుంది. అక్క చేతులు కడుక్కుంది, ఆరనిచ్చింది, పొరని వెలుతురుకి ఎత్తి గిన్నెలా నిలబడిందో లేదో చూసింది. నేను నేర్పిన వరస ఒక్కటి కూడా తప్పలేదు. "పైకి చూడమ్మా" అంది. ఒక్క వేటుకి కూర్చుంది. మేదిని రెప్పైనా ఆడించలేదు.

"పెద్దమ్మా, పెట్టినట్టే తెలీలేదు!" అంది.

"హస్తవాసి అంటే అదీ" అన్నారెవరో. అత్తగారు అక్కకి దండ వేసింది. అక్క కళ్ళు నాకోసం జనంలో వెతికాయి. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆ చెయ్యి నా కంట్లో నేర్చుకుంది, నా పొర తిని నేర్చుకుంది, దండ మాత్రం అక్క మెడలో పడింది. నా పిల్ల జన్మలో మొదటిసారి ఊదారంగు చూసేవేళకి ఎదురుగా ఉన్నది నా మొహం కాదు. అసూయ చల్లారుతుందని పెద్దలంటారు. ఎక్కడ చల్లారుతుందో చెప్పరు.

సాయంత్రం మేదిని గదిలోంచి కేక వేసింది. వెళ్ళేసరికి ఏడుస్తోంది. సంబరంలో పడి రోజంతా చుక్కలు వేసుకోలేదు. పొర అతుక్కుపోయింది. రెండు వేళ్ళతో గిల్లడానికి సిద్ధంగా ఉంది.

"చెయ్యి తియ్యి!" అన్నాను.

"రావట్లేదమ్మా! పెద్దమ్మని పిలు, తొందరగా!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేను పిలవలేదు. చేతులు కడుక్కుని వచ్చి, దాని తల నా ఒళ్ళో పెట్టుకుని అయిదు చుక్కలు వేశాను.

"కళ్ళు మూసుకో. వందదాకా లెక్కపెట్టు."

"తొందరగా తియ్యి."

"తొందరపడితే సగం నా వేళ్ళకొస్తుంది, సగం నీ కంట్లో ఉంటుంది. నాకు తెలుసు. లెక్కపెట్టు."

పైకి లెక్కపెట్టింది. మళ్ళీ చుక్కలు వేశాను. పొర కదలడం మొదలైంది. ముక్కువైపు చూడమని, పక్కకి జరిపి, మెత్తలతో ఎత్తాను. అరచేతిలో వేసి, ఉప్పునీళ్ళు పోసి, ఒకేవైపుకి మెల్లగా రుద్దాను. డబ్బీ గుంటలో మధ్యకి మునిగేదాకా ఆగి మూత పెట్టాను. ఎక్కడా గాటు లేదు.

మేదిని కళ్ళు తుడుచుకుని డబ్బీవంక చూసింది, నా వంక చూసింది.

"అమ్మా, ఇదంతా నీకు పెద్దమ్మ నేర్పిందా?"

"అవునే" అన్నాను.

పొర లేని 31వ రోజు

నాచుతొట్లు కలియబెట్టడం చేతులకి పని, కళ్ళకి కాదు. ఇక్కడ పొరలు అక్కర్లేదు. గోళ్ళు ఎంత పెరిగినా అడిగేవాళ్ళు లేరు. మేదిని పొర ఇరవయ్యారు రోజులుగా బాగుంది. రోజూ సాయంత్రం డబ్బీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి తీయించుకుంటోంది. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళవే అంటే, "ఆవిడకి పనుంది, నువ్వు ఖాళీయేగా" అంటుంది.

మధ్యాహ్నం అక్క తొట్ల దగ్గరికి వచ్చింది. కాపలా మధ్యలో రాకూడదు. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. అరచెయ్యి చాపింది. అందులో ఆవిడ పొర ఉంది. అంచునుంచి మధ్యదాకా చిరిగిపోయి ఉంది.

"పిల్లల గది మీద మూడు కంతలు, ఒకేసారి" అంది. "పట్టీలు వేస్తూనే ఉన్నా. నాలుగు గంటలు రెప్ప వెయ్యలేదు. చుక్కలు వేసుకునే తీరిక లేదు. అన్నీ మూసేశాక తీస్తే ఇలా వచ్చింది."

"గవరయ్యగారికి చెప్పావా?"

"ఇదిగో, బోర్డు మీద నా పేరు ఆయనతోనే చెరిపించి వస్తున్నా. వెయ్యిన్నీ రెండొందల ఎనభై."

ఏడుస్తుందనుకున్నాను. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవడంలేదు. మొహమంతా వెలిగిపోతోంది.

"ఇన్నేళ్ళకి ఇవ్వాళ మనసారా చూశానే ఇందూ. అగరొత్తి పొగలాగే. మూడు పొగలూ కలిసి పైకి పోతుంటే ఎంత బాగుందో తెలుసా? చూస్తూ ఒక్క క్షణం పట్టీ వెయ్యడం మర్చిపోయా."

తెలుసు. నాకు తెలుసు. ముప్ఫయ్యొక్క రోజులుగా కళ్ళు మూసినా తెరిచినా నాకు కనిపించేది అదే. అక్కకి ఇంకా రెండు పొరలు రావాలి. పదకొండు నెలలయ్యాక మళ్ళీ పై నడవ ఎక్కుతుంది.

తొట్టిలో కర్ర వదిలేసి ఆ చిరిగిన పొరని వేలిమీదికి తీసుకున్నాను. ఎడమచేతి మధ్యవేలి మీదికే. వెయ్యిన్ని రోజులు అది చిరగలేదని ఏడ్చాను. ఇప్పుడు చిరిగినందుకు ఏడుపొస్తోంది, అది నాది కానందుకు.

"నీ చెయ్యి వణకట్లేదక్కా" అన్నాను.

అక్క తన చేతులు చూసుకుంది. పది గోళ్ళూ మొదలంటా కత్తిరించి ఉన్నాయి.